పాత బోటు ఇంజిను బోరు చేయించాలా, కొత్తది కొనాలా?

సంగమేశ్వరం_పడవ:
అన్నలూ, నాది 25 హార్స్ పవర్ టూ స్ట్రోక్, రెండు సిలిండర్లది. పదిహేనేళ్ళు అయింది. కృష్ణ దాటించి అటు సోమశిల ఒడ్డుకు మనుషులను చేరుస్తుంటాను. పోయిన వారం నుంచి జనం ఎక్కితే లాగడం లేదు. కంప్రెషన్ (సిలిండర్లో ఒత్తిడి) గేజి పెడితే పై సిలిండర్ 115 పీఎస్ఐ, కిందిది 70. ఇక్కడి మెకానిక్ సిలిండర్లు లోపల తొలిచి బోరు చేసి పిస్టన్లు మార్చాలంటున్నాడు, 38 వేలట. గేర్ల వైపు కూడా అనుమానంగానే ఉంది. కొత్తది తీసుకుందామంటే కంతులు తలుచుకుని నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

ఔకు_వేట:
కొత్తది కొను తమ్ముడూ. నేను పాతదానికి రెండేళ్ళలో మూడుసార్లు డబ్బు పెట్టినాను. మూడోసారి రిజర్వాయర్ నడిమధ్యలో ఆగిపోయింది. వలలు నీళ్ళలో, పైన ఎదురుగాలి. కూర్చునే పలక ఊడబీకి దాంతోనే తెడ్డేసుకుంటూ ఒడ్డుకు చేరేసరికి రాత్రి పది. ఇంట్లోవాళ్ళు గట్టు మీద ఏడుస్తూ కూర్చున్నారు. నువ్వు మనుషులను ఎక్కించుకునేవాడివి.

నంద్యాల_మెకానిక్:
22 ఏళ్ళుగా ఇదే పని నాది. విప్పకుండానే బోరు అన్నాడంటే వాడు చూసింది ఇంజినును కాదు, నీ జేబును. ప్లగ్గు తీసి సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ గేజి పెట్టు. అంకె పెరిగితే తప్పు పిస్టన్ రింగులది. పెరగకపోతే హెడ్ గ్యాస్కెట్ చూడు. ఇంతకీ ఏం ఆయిల్ కలుపుతున్నావు?

సంగమేశ్వరం_పడవ:
బైకుల టూటీ (టూ స్ట్రోక్) ఆయిలే అన్నా. లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు.

నంద్యాల_మెకానిక్:
దొరికింది దొంగ. బైకు ఇంజిను గాలికి చల్లబడేది, మనది నీళ్ళకు. ఆ ఆయిల్లో కలిపే మందుల బూడిద మన ఇంజిన్లో కరుడు కట్టి రింగులను పట్టేస్తుంది. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉండాలి, నీళ్ళకు చల్లబడే టూ స్ట్రోక్ బోటు ఇంజిన్ల ఆయిల్ గుర్తు అది. పుస్తకంలో 50కి 1 అని ఉంటే లీటరుకు 20 చాలు.

మైలవరం_రాజా:
పదేళ్ళుగా బైకు ఆయిలే పోస్తున్నా, గండికోట కింద రోజూ తిప్పుతున్నా. నాకేం కాలేదే? 20 పోస్తే ఎండాకాలం ఇంజిను పట్టేసి సీజ్ కావడం ఖాయం. ఖరీదైన డబ్బాలు అమ్ముకోవడానికి చెప్పే మాటలు ఇవి.

నంద్యాల_మెకానిక్:
మాట చూసుకుని మాట్లాడు. నేను డబ్బాలు అమ్మను. నీ ప్లగ్గులు నెలకెన్ని మారుస్తున్నావో చెప్పు ముందు.

మైలవరం_రాజా:
నా ప్లగ్గుల సంగతి నీకెందుకు?

ముచ్చుమర్రి_007:
అన్నా, ఆయిల్ గొడవ ఆపండి. శ్రీశైలం నీళ్ళు నిండు మట్టం 885 అడుగుల నుంచి దిగేకొద్దీ పాత మొద్దులు, రాళ్ళు పైకొస్తాయి. నా ఫ్యాను (ప్రొపెల్లర్) ఒకదానికి తగిలి లోపలి రబ్బరు బుష్ జారిపోయింది. ఇంజిను అరుస్తుంది, పడవ కదలదు. అది కూడా చూసుకో. ఇంకోటి, ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్, తేమ పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంచొద్దు.

ఔకు_వేట:
నా మాట ఎవరూ పట్టించుకోలేదు. ఏం రిపేరు చేసినా సరే, పడవలో తెడ్లు పెట్టుకో.

సంగమేశ్వరం_పడవ:
ఆయిల్ పోసి చూశాను. 70 కాస్తా 105 అయింది. విప్పితే కింది పిస్టన్ రెండో రింగు గాడిలోనే నల్లటి కరుడులో అతుక్కుపోయి ఉంది, వేలితో నొక్కినా కదల్లేదు. సిలిండర్ గోడ మీద గోరు పెట్టి గీసి చూశా, ఎక్కడా తట్టలేదు. బోరు అక్కర్లేదు. రింగులు, గ్యాస్కెట్లు తెప్పిస్తున్నా. గేర్ ఆయిల్ పాలలా తెల్లగా వచ్చింది, నీళ్ళు దిగాయి, ఆ సీళ్ళు కూడా మార్చాలి. తెడ్లు రెండు వడ్రంగికి చెప్పేశాను ఔకన్నా.

నంద్యాల_మెకానిక్:
మంచిది. కొత్త రింగులు కాబట్టి మొదటి పది గంటలు 25కి 1 కలుపు. అన్ని గంటలూ ఖాళీ పడవే తిప్పు, జనాన్ని ఎక్కించొద్దు.

మైలవరం_రాజా:
25కి 1 అంటే లీటరుకు 40. నేను పోసే లెక్కే కదా అది!

నంద్యాల_మెకానిక్:
పది గంటలకు అన్నాను, పదేళ్ళకు కాదు.