ఒంటినిండా కవచమున్న స్పేస్ సోల్జర్ ఫిగర్: కదలికకు మార్కులు ఎలా వేస్తారు?

గ్రహశకలం:
కొత్తగా ఒక 6 అంగుళాల యాక్షన్ ఫిగర్, అంటే కీళ్లు కదిలే బొమ్మ తీసుకున్నాను. మొహం కనిపించకుండా హెల్మెట్, వీపు మీద జెట్‌ప్యాక్, చేతికి పొడవాటి రైఫిల్. చూడ్డానికి వంక పెట్టలేం. ఛాతీ పలక అంచుల్లో రంగు లేచిపోయి లోపలి లోహం బయటపడ్డట్టు వెండి గీతలు వేశారు. అవి కూడా రైఫిల్ రాసుకునే కుడివైపే ఎక్కువ. ఎడమ మోకాలి చిప్ప మీద మాత్రం మట్టిరంగు ఉంది, అంటే ఈ సైనికుడు ఆ మోకాలు నేలకు ఆనించి కాలుస్తాడన్నమాట. అంత ఆలోచించి చేసిన బొమ్మ తీరా ఆ మోకాలి మీద కూర్చోవడం లేదు! కుడి తొడ ముందుకు లేపగానే నడుము చుట్టూ ఉన్న పలక అడ్డుపడుతోంది. పెట్టె మీదేమో 30కి పైగా జాయింట్లని రాసి ఉంది. ఇలాంటివాటికి మీరు మార్కులు ఎలా వేస్తారు?

అరమీద సైన్యం:
జాయింట్ల లెక్కను నేను పట్టించుకోను. మణికట్టు తిరగడం ఒకటి, వంగడం ఇంకొకటి, రెండు చేతులకూ కలిపి అక్కడే నాలుగు వచ్చేస్తాయి. ఏ జాయింట్ ఎంతదాకా వెళ్తుందన్నదే అసలు సంగతి. ఫిగర్ చేతికి రాగానే మొదట ఒక మోకాలి మీద కూర్చోబెడతాను. తర్వాత రైఫిల్‌ని రెండు చేతులా పట్టించి, వెనక భాగాన్ని భుజానికి ఆనించి, గురి చూసేలా తల వంచుతాను. ఆపైన కాళ్లు బాగా ఎడంచేసి నిలబెట్టి, పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనుతున్నాయో లేదో చూస్తాను. జెట్‌ప్యాక్ ఉన్నవాడైతే బోర్లా పట్టుకుని తల పైకెత్తి చూడాలి. ఎగిరే పోజుకు అదే ప్రాణం.

వీటిలో చాలా ఫిగర్లు తప్పేది రైఫిల్ దగ్గర. మోచేయి 90 డిగ్రీలు దాటి మడవాలి, చేయి ఛాతీకి అడ్డంగా రావాలి. అలా రావాలంటే భుజం మొత్తం ముందుకు జరిగే బటర్‌ఫ్లై జాయింట్ కావాలి. ఛాతీ పలక లావుగా ఉంటే ఆ జాయింట్ ఉండి కూడా పనికిరాదు. ఇంకోటి, ట్రిగ్గర్ పట్టే చేతి మణికట్టు ఎటు వంగుతుందో చూడండి. బొటనవేలి వైపూ చిటికెనవేలి వైపూ వంగితే గొట్టం సూటిగా నిలుస్తుంది. అరచేతి వైపు మాత్రమే వంగే హింజ్ (తలుపు బందులా మడిచే కీలు) ఇస్తే గురి కుదరదు, ఎంత తంటాలు పడ్డా సరే.

చిత్రిక:
గ్రహశకలం గారూ, ఆ నడుము పలకను ముందు వేలితో నొక్కి చూడండి. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ అయితే కొంచెం వంగుతుంది. గట్టి ఏబీఎస్ ప్లాస్టిక్ అయితే వంగదు, బలవంతపెట్టకండి. రెండోది, తొడను పట్టుకుని నిదానంగా కిందికి లాగండి. ఈమధ్య చాలా ఫిగర్లలో తుంటి కీలు కొన్ని మిల్లీమీటర్లు కిందికి దిగేలా పెడుతున్నారు. అలా దించాక తొడకు పలకతో పని ఉండదు. మాన్యువల్‌లో ఒక చిన్న బాణం గుర్తు వేసి వదిలేస్తారు, చాలామంది కంట పడదు.

నా వరకు మంచి డిజైన్ అంటే కవచానికీ కీలుకూ ఒకేసారి ఆలోచన చేసి ఉండటం. భుజం పలకను చేతికి అతికించేస్తే చేయి లేపినప్పుడు హెల్మెట్‌కి తగులుతుంది. అదే పలకను విడిగా చిన్న హింజ్ మీద వేలాడదీస్తే చేయి లేచినప్పుడు తనూ లేచి పక్కకు తప్పుకుంటుంది. తొడ పలక వెనకవైపు కోసి ఉందా అని కూడా చూడండి. అక్కడ ఖాళీ వదలకపోతే మోకాలికి డబుల్ జాయింట్ (రెండు చోట్ల మడిచే కీలు) పెట్టి లాభం లేదు, పిక్క వెళ్లి తొడకు కొట్టుకుని ఆగిపోతుంది.

నీలిమేఘం:
నేను వేరే వైపు నుంచి చెప్తాను. నా అరలో ఫిగర్లు నిలబడే ఉంటాయి. నెలల తరబడి ఒకే పోజు. నాకు ఆకారం ముఖ్యం. పొట్ట దగ్గర వంగడం కోసం ఛాతీని అడ్డంగా కోసేస్తే కవచం మీది గీతలన్నీ అక్కడ తెగిపోతాయి. మోకాళ్లు మడిస్తే మధ్యలో రంగు లేని ప్లాస్టిక్ ముక్క బయటపడుతుంది. ఫొటోలో మొదట కనిపించేది అదే. కాబట్టి కీలు లోపలి ముక్కను కూడా పక్క భాగాల రంగు ప్లాస్టిక్‌తోనే పోశారా అని చూస్తాను. పైన పెయింట్ వేసి సరిపెడితే నాలుగుసార్లు కదిపేసరికి అది గీసుకుపోతుంది.

అరమీద సైన్యం:
నీలిమేఘం గారూ, రంగు విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. పొట్ట కీలు విషయంలో మాత్రం కాదు. నిలబడ్డ ఫిగర్‌లో కూడా ఛాతీ కొద్దిగా ఒక పక్కకు తిరిగి, బరువు ఒక కాలి మీద పడితేనే ప్రాణం వస్తుంది. ఆ కొద్ది తిరుగుడు నడుము ఒక్కటే ఇవ్వలేదు. కోతను ఛాతీ పలక కింద దాచిపెట్టే డిజైనర్లు ఉన్నారు, బయటికి గీత కూడా కనపడదు.

పాతపెట్టె:
ఈ గొడవ మన కాలంలో పుట్టింది కాదు. 1964లో హాస్‌బ్రో కంపెనీ జీఐ జో అనే 12 అంగుళాల సైనికుడి బొమ్మ తెచ్చినప్పుడు కదిలే కీళ్లే దాని గొప్ప. 1978లో కెన్నర్ కంపెనీ 3.75 అంగుళాల స్టార్ వార్స్ ఫిగర్లు వచ్చేసరికి మెడ, భుజాలు, తుంటి కలిపి అయిదే కీళ్లు. అయినా పిల్లలు వాటిని వాహనాల్లో కూర్చోబెట్టి ఆడుకున్నారు, ఆ పరిమాణమే పెద్ద ఆకర్షణ అయింది. 1982లో జీఐ జో అదే సైజుకు వచ్చినప్పుడు ఒంటినీ కాళ్లనూ లోపల ఒక రబ్బరు రింగు పట్టి ఉంచేది. ఆ రబ్బరు ఎండి తెగితే బొమ్మ నడుము దగ్గర రెండైపోతుంది. రింగు మార్చుకుంటే మళ్లీ లేచి నిలబడుతుంది. ఆ మరుసటి ఏడాది మోచేతి పైన తిరిగే కీలు చేర్చాక తుపాకీ పట్టడం ఎంతో తేలికైంది. 2006లో జపాన్ కంపెనీ కైయోడో తన రివోల్‌టెక్ ఫిగర్ల వరసతో టకటకమని మెట్లు మెట్లుగా ఆగే కీళ్లు తెచ్చింది, 2008లో ఫిగ్మా, ఫిగ్వార్ట్స్ అనే జపాన్ ఫిగర్ల వరసలు మొదలయ్యాయి. ఇప్పుడు మనం అడుగుతున్న కదలికలో చాలా భాగం ఆ రోజుల్లో అలవాటైందే.

గ్రహశకలం:
చిత్రిక గారూ, మీరు చెప్పినట్టే తొడను కిందికి లాగాను. టక్కుమని చిన్న శబ్దం వచ్చి దిగింది! కుడి తొడ దాదాపు నేలకు సమాంతరంగా వచ్చింది, ఎడమ మోకాలి మట్టి చిప్ప నేలకు ఆనింది. చాలా సంతోషంగా ఉంది. పాదం మాత్రం ఇంకా ఒక అంచు మీదే నిలుస్తోంది. చీలమండ పక్కకు వంగాల్సిన చోట బిగుసుకుపోయి ఉంది. రంగు అంటుకుపోయిందేమో అనిపిస్తోంది.

చిత్రిక:
అయితే అస్సలు తిప్పకండి. కీలును పట్టి ఉంచే చిన్న పుల్ల (పెగ్) లోపలే తెగిపోతుంది. వేడినీళ్లలో ఆ పాదం మాత్రం ఒక నిమిషం ముంచి, తీసి మెల్లగా అటూ ఇటూ కదపండి. మెత్తబడ్డప్పుడు అంటుకున్న రంగు విడిపోతుంది. ఇంకా రాకపోతే ఒక్క చుక్క సిలికాన్ ఆయిల్. యంత్రాలకు వాడే పెట్రోలియం నూనెలు వద్దు, ఏబీఎస్ చీలిపోయే ప్రమాదం ఉంది.

నీలిమేఘం:
దీనికి రివర్స్ సమస్య నాది. ఒక ఫిగర్‌కి తుంటి వదులై పక్కకు ఒరిగిపోతోంది. కొందరు నెయిల్ పాలిష్ రాయమంటున్నారు.

చిత్రిక:
నెయిల్ పాలిష్‌లో ఉండే ద్రావకాలు ప్లాస్టిక్‌ని కరిగిస్తాయి. నీళ్లలో కలిసే, మెరిసే (గ్లాసీ) పారదర్శక యాక్రిలిక్ వార్నిష్ తుంటి కీలు బంతి మీద పల్చగా రాసి, పూర్తిగా ఆరాకే అది కూర్చునే గుంటలో (సాకెట్) పెట్టండి. తడిగా ఉండగా పెడితే అతుక్కుపోతుంది.

అరమీద సైన్యం:
గ్రహశకలం గారూ, పాదం కుదిరాక కూడా జెట్‌ప్యాక్‌తో అలా వదిలేయకండి. బరువంతా వెనకే ఉంది కాబట్టి చీలమండ నెమ్మదిగా జారుతుంది, వేడిగదిలో అయితే పీవీసీ కాళ్లే వంగుతాయి. నడుమును పట్టే స్టాండ్ వాడండి. ఆ పట్టు వెండి గీతలకు తగలకుండా నడుము పలక కిందనుంచి బిగించండి.

గ్రహశకలం:
పాదం కదిలింది. స్టాండ్ బిగించాక ఫొటో పెడతాను, రైఫిల్ భుజానికి ఆనిందో లేదో మీరే చూసి చెప్పండి.