హెచ్‌సీఎన్1 తగ్గడానికి కారణం రెస్టేనా? తేల్చేదెలా?

ప్రశ్న:
ఎలుక హిప్పోక్యాంపస్ (మెదడులో ఒక భాగం) స్లైస్ కల్చర్‌కి కైనేట్ (న్యూరాన్లని విపరీతంగా రెచ్చగొట్టే రసాయనం) పెట్టి కడిగేశాక, రెండు రోజులకి హెచ్‌సీఎన్1 (ఐహెచ్ అనే కరెంట్‌ని మోసే అయాన్ ఛానెల్) ఎంఆర్‌ఎన్‌ఏ పడిపోతోంది, రెస్ట్ (న్యూరాన్ జన్యువుల్ని అణిచే ప్రోటీన్) ఎంఆర్‌ఎన్‌ఏ పెరుగుతోంది. హిప్పోక్యాంపస్‌లోని సీఏ1 భాగపు పిరమిడల్ కణాల్లో శాగ్ (నెగటివ్ కరెంట్ ఇస్తే కిందికి దిగిన వోల్టేజీ ఐహెచ్ వల్ల కాస్త వెనక్కి రావడం) కూడా చిన్నదైంది. కానీ సోమాలో (కణ దేహంలో) కరెంట్ స్టెప్పులిచ్చి స్పైకులు లెక్కపెడితే కంట్రోల్‌తో పెద్ద తేడా లేదు. ఐహెచ్ తగ్గితే న్యూరాన్ ఇంకా తేలిగ్గా ఫైర్ అవ్వాలి కదండీ? పైగా ఇదంతా రెస్ట్ వల్లే అని చెప్పాలంటే ఏమేం చూపించాలి?

జవాబు 1:
ఐహెచ్ ఒకేసారి రెండు పనులు చేస్తుందండి. దాని రివర్సల్ −30 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది, విశ్రాంతిలోనే కొంత తెరుచుకుని ఉంటుంది. అది తగ్గితే పొర వోల్టేజీ కొన్ని మిల్లీవోల్టులు కిందికి జారి, స్పైక్ హద్దుకి దూరమవుతుంది. మరోపక్క ఇన్‌పుట్ రెసిస్టెన్స్ పెరిగి, వచ్చిన ప్రతి ఈపీఎస్‌పీ (సినాప్స్ నుంచి వచ్చే చిన్న ఉత్తేజ సంకేతం) పెద్దదవుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. సోమాలో స్టెప్ ఇస్తే ఈ రెండూ చాలావరకు చెల్లుకు చెల్లు. సీఏ1లో ఈ ఛానెళ్లు సోమాలో తక్కువ, ఎపికల్ డెండ్రైట్ చివరికి పోయేకొద్దీ దట్టం. కాబట్టి తేడా కోసం వెతకాల్సింది టెంపొరల్ సమ్మేషన్‌లో, అంటే వెంటవెంటనే వచ్చిన ఈపీఎస్‌పీలు ఒకదానిపై ఒకటి పేరుకోవడంలో.

పిపెట్ ద్వారా ఈపీఎస్‌పీ ఆకారంలో కరెంట్ 50 హెర్ట్జ్‌లో 5 సార్లు ఇచ్చి, ఐదో స్పందన ఎత్తుని మొదటిదానితో భాగించండి. ఆక్సాన్లని స్టిమ్యులేట్ చేస్తే ప్రీసినాప్టిక్ ఫెసిలిటేషన్ (వరస సంకేతాలకి సినాప్స్ విడుదలే పెరగడం) కలిసిపోయి లెక్క చెడుతుంది. ప్రతి కణాన్నీ దాని సొంత విశ్రాంతి వోల్టేజీలో ఒకసారి, −65 దగ్గర పట్టి ఒకసారి కొలవండి. ఒక్కచోటే కొలిస్తే సగం కథే దొరుకుతుంది. 32–34 డిగ్రీల సెల్సియస్ తప్పనిసరి. గది ఉష్ణోగ్రతలో ఈ ఛానెళ్లు బాగా మందగిస్తాయి, చిన్న పల్స్‌లో శాగ్ పూర్తిగా బయటపడదు. చివర్లో ఐహెచ్‌ని ఆపే మందు జెడ్‌డీ7288 (10–20 మైక్రోమోలార్) పెట్టి తేడా చెరిగిపోతుందో లేదో చూడండి. అది కడిగినా పోదు, ఎక్కువసేపు ఉంచితే సినాప్టిక్ ట్రాన్స్‌మిషన్‌నీ తగ్గిస్తుంది, కాబట్టి స్లైస్‌కి ఒక్క కణమే.

జవాబు 2:
రెండో ప్రశ్నకి. ముందు ఒక పెద్ద అనుమానం తీర్చుకోవాలి. పెద్దయిన న్యూరాన్లలో రెస్ట్ తక్కువ, గ్లియాలో (న్యూరాన్లకి తోడుండే కణాల్లో) ఎక్కువ. కైనేట్ వల్ల సీఏ3 న్యూరాన్లు చచ్చి గ్లియా పెరిగితే, మొత్తం కణజాలం నూరి చేసిన క్యూపీసీఆర్‌లో (ఎంఆర్‌ఎన్‌ఏ కొలిచే పరీక్షలో) ఏ జన్యువు నియంత్రణా మారకుండానే రెస్ట్ పెరిగినట్టు, హెచ్‌సీఎన్1 తగ్గినట్టు కనిపిస్తాయి. న్యూరాన్ జన్యువుతో నార్మలైజ్ చేద్దామంటే సినాప్సిన్1 లాంటివి రెస్ట్ టార్గెట్లే, కొలబద్దే కదిలిపోతుంది. సీఏ1ని విడిగా కోసి, న్యూఎన్ (న్యూరాన్‌ని గుర్తుపట్టే ప్రోటీన్) ఉన్న న్యూక్లియస్‌లని సార్ట్ చేసి కొలవడమే సరైన దారి. ఇంట్రాన్‌లో ప్రైమర్లు పెట్టి ప్రీ-ఎంఆర్‌ఎన్‌ఏ (ఇంట్రాన్లు ఇంకా తీసేయని తాజా ఎంఆర్‌ఎన్‌ఏ) కూడా చూడండి: అదీ తగ్గితే ట్రాన్‌స్క్రిప్షన్ దగ్గరే ఆగుతోందని గట్టిగా అనుకోవచ్చు, మారకపోతే ఎంఆర్‌ఎన్‌ఏ త్వరగా కరిగిపోతోందేమో ఆలోచించాలి.

తర్వాత చిప్ (ఒక ప్రోటీన్ డీఎన్‌ఏ మీద ఎక్కడ అంటుకుందో చూసే పరీక్ష). 1 శాతం ఫార్మాల్డిహైడ్ 10 నిమిషాలు, 125 మిల్లీమోలార్ గ్లైసీన్‌తో ఆపి, 200–500 బేస్‌పెయిర్ల ముక్కలయ్యేదాకా సోనికేట్ చేయాలి. హెచ్‌సీఎన్1 మొదటి ఇంట్రాన్‌లోని రెస్ట్ సైట్‌కి ప్రైమర్లు, పాజిటివ్‌గా సినాప్సిన్1, నెగటివ్‌గా జన్యువుల్లేని ప్రాంతం. ఇవి లేకుండా వచ్చిన సిగ్నల్‌ని నమ్మలేం.

ఇంతవరకూ తేలేది రెస్ట్ అక్కడ కూర్చుందనే, అదే కారణమని కాదు. కారణమని చూపాలంటే దాన్ని పక్కకి లాగాలి: రెస్ట్ అంటుకునే వరసతో డెకాయ్ ఆలిగో (రెస్ట్‌ని ఎరలా లాగే చిన్న డీఎన్‌ఏ ముక్క), పక్కన వరస చెడగొట్టిన కంట్రోల్ ఆలిగో. 2011లో ఎలుకల్లో కైనేట్ తర్వాత డెకాయ్ ఇచ్చినప్పుడు హెచ్‌సీఎన్1 తిరిగి పెరిగింది, మూర్ఛలు తగ్గాయి. డెకాయ్‌తో మీ ప్రీ-ఎంఆర్‌ఎన్‌ఏ, శాగ్, సమ్మేషన్ మూడూ కలిసి వెనక్కి వస్తేనే వాదన నిలుస్తుంది.

జవాబు 3:
డెకాయ్‌తో ఎంఆర్‌ఎన్‌ఏ వెనక్కొచ్చి శాగ్ రాకపోతే కంగారు పడకండి. ఛానెల్‌ని డెండ్రైట్ చివరికి చేర్చే ట్రిప్8బీ అనే ప్రోటీన్ దగ్గర తేడా వస్తే, ప్రోటీన్ మామూలుగానే ఉన్నా పొర మీదికి రాదు. సర్ఫేస్ బయోటినిలేషన్ (పొర మీది ప్రోటీన్లకే గుర్తు అంటించే పద్ధతి) చేసి, పొర మీద ఉన్నదానికీ మొత్తానికీ నిష్పత్తి చూడండి. కైనేట్ తర్వాత కొన్ని గంటలకి ఒకసారి, రెండు రోజులకి ఒకసారి తీస్తే ఏది ముందు కదిలిందో తెలుస్తుంది.