పనామెను పెట్టుకునేటప్పుడు 'మీరు ఏమోళ్లు?' అని అడగొచ్చా?

అనంతపురం వాసి:
మా అపార్ట్‌మెంట్‌లో పనికి ఒక సుగాలి ఆమె, ఒక ఎరుకల ఆమె వచ్చి అడిగినారు. సుగాలి ఆమెను అంట్లు తోమడానికి రానిస్తాం, వంట చేయనియ్యం అన్నారు కొందరు. ఎరుకల ఆమెనైతే గేటు లోపలికే వద్దన్నారు. ఇది జాగ్రత్తా, వివక్షా?

గుత్తి రోడ్డు:
ఇంటి తాళాలు చేతికిస్తాం. ఎవరో, యాడినుంచి వచ్చినారో అడగకూడదా? దీంట్లో ద్వేషం ఏముంది?

కదిరి అక్క:
అన్నా, ఆధార్ చూడండి, ముందు పనిచేసిన ఇంట్లో కనుక్కోండి. ఎవరూ కాదనరు. కులం అడిగితే ఆమె పనితనం గురించి మీకేం తెలిసింది? ఎరుకలోళ్లంటే దొంగలనే మాటకు సర్కారు ముద్ర వేసింది బ్రిటిష్‌వాళ్లు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చి, ఏ తప్పూ చేయనోళ్ల పేర్లు కూడా పోలీసు రికార్డులకు ఎక్కించినారు. 1952లో ఆ చట్టం పోయింది. మీ గేటు దగ్గర మాత్రం ఇంకా నడుస్తాంది. ఇక వంటిల్లు. ఆ సుగాలి ఆమె తోమిన గిన్నెలోనే కదా మీరు అన్నం వండుకునేది!

కడప శ్రీను:
మేం ఇంటిమనిషిలా చూసుకుంటాం. పండక్కి చీర పెడతాం.

కదిరి అక్క:
పెట్టండి, సంతోషం. జీతం సంగతి? మన రాష్ట్రం 2007లోనే ఇంటిపనిని కనీస వేతనాల కిందికి తెచ్చింది. వారానికి ఒక పూర్తి రోజు సెలవు ఉండాలని 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం చేసింది. మన దేశం ఇంకా దాన్ని ఆమోదించలేదు. దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశంలోనూ ఇంటిపనికి ఎక్కువగా ఆదివాసీ ఆడపిల్లలే పోయేది. క్వెచువా తెగకు చెందిన కాసిమిరా రోడ్రిగెస్ చిన్నప్పుడే పనికి కుదిరి, పెద్దయ్యాక పనివాళ్ల సంఘం నడిపింది. 2003లో వాళ్లు ఇంటిపనివాళ్ల కోసం చట్టం సాధించుకున్నారు. 2006లో ఆమె న్యాయశాఖ మంత్రి అయింది. యజమానుల మంచితనం కోసం కూర్చోలేదు వాళ్లు.

గుత్తి రోడ్డు:
కులం అడగను, సరే. వారానికో సెలవంటే మాత్రం మా ఇంట్లో కుదరదు. మంచాన పడిన మా అమ్మను ఆ పొద్దు ఎవరు చూస్తారు?

అనంతపురం వాసి:
సెలవు రోజుకు ఇంకొకామెను పెట్టుకుని కూలి ఇయ్యండి సార్. ఆదివారం అసోసియేషన్ మీటింగులో రెండూ రాయించాలని అడుగుతా: కులం అడగొద్దు, వారానికో సెలవు.