అప్‌డేట్: రేడియేషన్ అయ్యాక నాన్న కంటి మసక

మూడు నెలల క్రితం ఇక్కడ అడిగాను, సైనస్ క్యాన్సర్‌కి రేడియేషన్ అయిన రెండేళ్లకు నాన్నకు ఎడమ కన్ను మసకబారింది, శుక్లమేనా అని. రెటీనా (కంటి వెనక పొర) డాక్టరుకి చూపించమన్నవాళ్ల మాటే నిజమైంది. థ్యాంక్స్ అండీ.

చెన్నైలో మొదట వెళ్లిన చోట శుక్లం ఆపరేషన్‌కి తేదీ కూడా ఇచ్చేశారు. నాకెందుకో మనసొప్పలేదు. ఇంకోచోట చుక్కలేసి, రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్ తీశారు. శుక్లం కొంచెం ఉంది కానీ అసలు సమస్య రేడియేషన్ రెటినోపతీ. అంటే రేడియేషన్ వల్ల రెటీనాలోని సన్నని రక్తనాళాలు దెబ్బతిని, నీరు ఊరి, చూపుకి కీలకమైన మాక్యులా ఉబ్బింది. ఇది ఎక్కువగా రేడియేషన్ అయిన 6 నెలల నుంచి 3 ఏళ్ల మధ్య బయటపడుతుందట. షుగర్ ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. నాన్నకు 15 ఏళ్లుగా ఉంది, ఆ సంగతి మొదటి చోట అడగనే లేదు.

వాపు తగ్గడానికి కంట్లోకి బెవాసిజుమాబ్ అనే మందు ఇంజెక్షన్ అన్నారు. కంట్లో సూది అనగానే నాన్నకంటే నాకే టెన్షన్! మత్తు చుక్కలు వేసి ఇట్టే చేసేశారు. "దోమ కుట్టినంత కూడా లేదురా" అన్నారు నాన్న. రెండోది అయ్యాక వాపు తగ్గింది. పోయిన చూపు మొత్తం రాదన్నారు గానీ, పేపర్లో హెడ్డింగులు చదువుతున్నారు. మూడోది వచ్చే గురువారం. శుక్లం సంగతి ఆ తర్వాతే.