అప్‌డేట్: సోలో ల్యాండింగ్‌లో నోస్ వీల్ (ముక్కు చక్రం) ఎందుకు విరిగిందో తేలింది

విమానం నడపడం నేర్చుకుంటున్న నేను ఒంటరిగా చేసిన మూడో (సోలో) ల్యాండింగ్‌లో సెస్నా 152 అనే చిన్న శిక్షణ విమానం రన్‌వే మీద మూడుసార్లు ఎగిరి ముక్కు మీద కూలబడిందని, తప్పు నాదా విమానానిదా అని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ ధన్యవాదాలు. తప్పు నాదే.

"ఇది పోర్పాయిజింగ్ (దిగేటప్పుడు విమానం పదేపదే ఎగిరి ముక్కు మీద పడటం), వేగం చూసుకోండి" అన్నవారి మాటే నిజమైంది. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) దించాక 55 నుంచి 65 నాట్ల వేగంతో రావాలి. నేను 75తో వచ్చాను. మొదటిసారి ఎగరగానే కంగారులో యోక్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే చేతి కంట్రోల్) ముందుకు నెట్టాను. ముక్కు తగిలింది, మళ్లీ ఎగిరింది, మళ్లీ నెట్టాను. మూడోసారి నోస్ గేర్ (ముక్కు చక్రం, దాని కాలు) విరిగి ప్రొపెల్లర్ నేలకు తగిలింది. రెండు కొనలూ అరటి ఆకు వాడినట్టు వెనక్కి వంగిపోయాయి. ఆ దృశ్యం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

ఇంజనీరు కౌలింగ్ (ఇంజన్ మీది మూత) తీసి చూపిస్తే ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) రేకు కింది భాగం ముడతలు పడి ఉంది. ప్రొపెల్లర్ నేలకు తగిలింది కాబట్టి ఇంజన్ విప్పి క్రాంక్‌షాఫ్ట్ (ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసు) కూడా పరీక్షించాలట. ఖర్చు సంగతి అడగకండి.

టైరు గాలి, షిమ్మీ డ్యాంపర్ (ముక్కు చక్రం అదరకుండా ఆపేది), బ్రేకులు: వీటికి సంబంధం లేదు. పక్కగాలి కూడా కాదు, విండ్‌సాక్ (గాలి దిశ చూపే గుడ్డ గొట్టం) కదలకుండా వేలాడుతూనే ఉంది. నేను మాత్రం వారం రోజులు గాలినే తిట్టుకున్నాను.

ఇప్పుడు ఇన్‌స్ట్రక్టర్‌తో మళ్లీ ఎగురుతున్నాను. ఒక్కసారి గట్టిగా ఎగిరిందా, ముక్కు దించకుండా ఫుల్ పవర్ ఇచ్చి గో అరౌండ్ (దిగడం ఆపి మళ్లీ పైకి లేవడం) చేయడమే. నిన్న రెండుసార్లు అలాగే చేశాను.