హంతకుడు సగంలోనే దొరికిపోతున్నాడు: ముందు కథ సరిచేయాలా, పుస్తకం పని మొదలుపెట్టాలా?

చివరిపేజీ:
ఇంగ్లీషులో 80,000 పదాల క్రైమ్ థ్రిల్లర్ డ్రాఫ్ట్ పూర్తయింది. ముందుగా చదివిన ఐదుగురిలో ముగ్గురు సగానికే హంతకుణ్ణి పట్టేశారు. మధ్యభాగం సాగుతోందని మిగతా ఇద్దరన్నారు. కేడీపీలో (రచయితలు సొంతంగా పుస్తకాలు వేసుకునే అమెజాన్ సేవ) ఈబుక్, ప్రింట్ రెండూ సొంతంగా వేద్దామనుకుంటున్నాను. కవర్, పేజీ సెట్టింగ్ ఇప్పుడే మొదలుపెట్టొచ్చా?

నల్లసిరా:
ముందు కథ చూడండి. ఏ పేజీ దగ్గర అనుమానం వచ్చిందో ఆ ముగ్గురినీ విడివిడిగా అడగండి. ముగ్గురూ ఒకే చోటు చూపిస్తే అక్కడి క్లూ మరీ బయటపడిపోతోందని అర్థం. తలా ఒక చోటు చెబితే లోపం పాత్రలో ఉంది. కథలో ఏ పనీ లేకుండా పదే పదే కనబడే మంచివాణ్ణి థ్రిల్లర్ పాఠకులు ఇట్టే అనుమానిస్తారు. అతనికి నేరంతో సంబంధం లేని పని ఒకటి అప్పజెప్పండి, అతను లేనిదే దర్యాప్తు ముందుకు కదలనంత గట్టి పని.

క్లూని పేరా చివర పెట్టకండి, చదివేవాళ్ల కన్ను అక్కడే ఆగుతుంది. "బల్ల మీద కళ్లజోడు, తడి ఆరని గొడుగు, విప్పని ఉత్తరాలు, సగం తాగిన టీ." రాత్రంతా ఇల్లు కదల్లేదన్న మనిషి గొడుగు అది. నాలుగు వస్తువుల్లో రెండోదిగా పెట్టి, మరుసటి వాక్యంలోనే ఎవరిచేతైనా తలుపు కొట్టించండి. గొడుగును పాఠకుడు దాటిపోతాడు. కానీ చదివాడు కదా, చివర్లో రచయిత మోసం చేశాడనడు.

టిక్‌టిక్:
మధ్యభాగం సంగతి. ప్రతి సీన్‌కూ ఒక కార్డు రాయండి: హీరోకి ఏం కావాలి, ఏది అడ్డొచ్చింది, సీన్ అయ్యేసరికి ఏం మారింది. మూడోదానికి జవాబు దొరకని సీన్ తీసేయండి, లేదా అందులోని సమాచారాన్ని పక్క సీన్‌లో కలిపేయండి. సాగుడు ఎక్కువగా వరసగా వచ్చే విచారణల్లో ఉంటుంది: ఒక సాక్షి, మరో సాక్షి, ఇంకో సాక్షి. రెండో సాక్షి అబద్ధం చెప్పాలి, మూడోవాడు హీరో వచ్చేలోపే మాయమవ్వాలి. 40,000 పదాల దగ్గర హీరో అప్పటిదాకా నమ్మినది తలకిందులయ్యే మలుపు ఒకటి ఉండాలి. అక్కడ ఇంకో శవం పడేస్తే సరిపోదు, దర్యాప్తు దిశే మారాలి.

అచ్చుపని:
కవర్ ఇప్పుడే ఎందుకు వద్దంటే, 80,000 పదాలు 5.5 x 8.5 అంగుళాల సైజులో 300 పేజీల అటూఇటూ తేలతాయి. కేడీపీ ప్రింట్‌లో 151 నుంచి 300 పేజీల దాకా లోపలి మార్జిన్ (బైండింగ్ వైపు వదిలే ఖాళీ) కనీసం 0.5 అంగుళం, 301 నుంచి 500 దాకా 0.625. ఒక్క సీన్ కలిపి 302కి వెళ్లారంటే మార్జిన్ పెంచాలి, దాంతో పేజీలు ఇంకా పెరుగుతాయి. స్పైన్ (పుస్తకం వీపు) మందం కూడా మారిపోతుంది: క్రీమ్ కాగితానికి పేజీకి 0.0025 అంగుళం, అంటే 300 పేజీలకు 0.75. అందుకే ప్రింట్ కవర్ అన్నిటికన్నా చివర చేయాలి.

ఈబుక్‌కి ముందు అట్ట ఒక్కటే చాలు, ఎత్తు 2560, వెడల్పు 1600 పిక్సెళ్లు. గోరంత సైజుకు కుదించి చూసినా పేరు చదవగలగాలి. అధ్యాయాల పేర్లకు హెడింగ్ స్టైల్ వాడండి, కొత్త అధ్యాయానికి పేజీ బ్రేక్ పెట్టండి. ఎంటర్లు కొట్టి కిందికి నెట్టిన అధ్యాయం, ఫోన్‌లో అక్షరాల సైజు మార్చగానే ఎక్కడో పేజీ మధ్యలో తేలుతుంది. కిండిల్ ఉచిత శాంపిల్ మామూలుగా మొదటి 10 శాతం, మీకైతే 8,000 పదాలు. కృతజ్ఞతలు, రచయిత పరిచయం పుస్తకం వెనక్కి పంపేయండి, శాంపిల్ అంతా కథకే దక్కుతుంది.

కేడీపీ సెలెక్ట్‌లో (ఈబుక్‌ని అమెజాన్‌కే పరిమితం చేసే పథకం) చేరిస్తే ఈబుక్ 90 రోజులు ఇంకెక్కడా అమ్మకూడదు. ప్రింట్‌కి ఆ షరతు లేదు. గడువు దానంతటదే రెన్యూ అవుతుంది, వద్దనుకుంటే ముందే టిక్ తీసేయండి.

చివరిపేజీ:
చాలా థ్యాంక్స్ అండి. ముగ్గురూ ప్రోలాగ్‌లోనే (మొదటి అధ్యాయానికి ముందొచ్చే భాగం) అనుమానం మొదలైందంటున్నారు. అది హంతకుడి కోణంలో ఉంది. తీసేయనా?

నల్లసిరా:
ముందు ప్రోలాగ్ లేని ఫైలు ఇంతవరకు చదవని ఇద్దరికి ఇవ్వండి, పాతవాళ్లకు ఇక లాభం లేదు. వాళ్లు పట్టుకోలేకపోతే దోషం ప్రోలాగ్‌దే. అప్పుడు కూడా పూర్తిగా కొట్టేయక్కర్లేదు, అదే సంఘటన హతుడి కోణంలో రాయండి. హంతకుడి మాటతీరు, ఊతపదం, కుడి ఎడమ చేతివాటం లాంటివి అందులో ఒక్కటీ మిగలకూడదు.