కొమ్మలు చిగురేసి మరీ చచ్చిపోతున్నాయి, ఎక్కడ తప్పు?

పచ్చతీగ:
పొద్దుటి నుంచీ దీంతోనే కుస్తీ. కొమ్మలు నాటితే చక్కగా చిగుళ్లొచ్చాయి. బతికాయనుకునేలోపే ఒక్కొక్కటీ వాడిపోయి, కింద నల్లబడి చస్తున్నాయి. రోజూ నీళ్లు పోస్తున్నా, నీడలోనే పెట్టా, ఎరువు కలిపిన మంచి మట్టే వాడా. అంతా పద్ధతి ప్రకారమే చేశా. ఇంకేం చెయ్యాలి? తెలిసినవాళ్లు చెప్పండి, విసుగొచ్చేసింది.

ఇసుకదిబ్బ:
ఏ మొక్క?

తులసికోట:
కింద కొసకి తేనె పూసి దాల్చినచెక్క పొడి అద్దండి. వేళ్లు అవే వస్తాయి. రసాయనాల జోలికి పోకండి.

కణుపు:
తులసికోట గారూ, ఆ రెండూ బూజును కాస్త ఆపుతాయేమో గానీ వేరు పుట్టించే హార్మోను వాటిలో లేదండీ. కొమ్మ కుళ్లడానికి కారణం నీళ్లయితే తేనె పూసినా కుళ్లుతుంది.

పచ్చతీగ గారూ, చిగురొచ్చిందంటే వేరొచ్చినట్టు కాదు. కొమ్మలో దాచుకున్న ఆహారంతోనే మొగ్గ విచ్చుకుంటుంది. ఆకులు విప్పారాక నీళ్లు ఆవిరవుతాయి, కింద అందుకోవడానికి వేళ్లుండవు. దాంతో వాడిపోతుంది. కొమ్మ పేరు, ఎంత ముదురో, కుండీకి కింద చిల్లులున్నాయో లేదో చెప్పండి.

నేలతీరు:
అసలు అందరూ వెనకనుంచి మొదలుపెడుతున్నారు. ఆ మొక్క మీ నేలకి సరిపోతుందో లేదో చూడకుండా కొమ్మలు నాటి ఏం లాభం? రేపు వేళ్లొచ్చాక ఎక్కడ పెడతారు? 30 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పు గొయ్యి తీసి నీళ్లతో నింపండి. పూర్తిగా ఇంకాక మళ్లీ నింపి, ఈసారి స్కేలు నిలబెట్టి చూడండి. మొదటిసారి నీళ్లు పొడిమట్టే తాగేస్తుంది, ఆ లెక్క నమ్మొద్దు. రెండోసారి గంటకి 2.5 సెంటీమీటర్లు కూడా దిగకపోతే అక్కడ నీళ్లు నిలుస్తున్నట్టే. నీటి నిల్వ ఓర్చని మొక్కయితే 20–30 సెంటీమీటర్ల ఎత్తు మట్టిదిబ్బ కట్టి దానిమీద నాటాలి. చాలామంది గొయ్యి అడుగున కంకర పోస్తారు, అది శుద్ధ దండగ. సన్నమట్టి నుంచి కంకరలోకి నీరు సులువుగా దిగదు, పైమట్టి పూర్తిగా నానేదాకా అక్కడే ఆగిపోతుంది. కుండీలకీ ఇదే వర్తిస్తుంది.

ఇసుకదిబ్బ:
ఆయన అడిగింది అది కాదు.

నేలతీరు:
అడగాల్సింది అదే అంటున్నా.

పచ్చతీగ:
బోగన్‌విల్లా అండీ, కాగితం పువ్వు. అందరూ పెంచేదే కదా అని రాయలేదు. కుండీకి ఒక చిల్లుంది, మట్టి కారిపోతుందని మూసేశా. వేరొచ్చిందేమోనని మధ్యమధ్యలో పైకి లాగి చూస్తున్నా. పెన్సిలంత లావు కొమ్మలే తీశా, లేతవేం కాదు.

ఇసుకదిబ్బ:
చిల్లు తెరవండి. లాగడం మానండి. ఎరువు తీసెయ్యండి.

కణుపు:
మూడూ నిజమే, ఎందుకో కూడా చెప్తా. వేరు పుట్టేచోట గాలి ఆడాలి. చిల్లు మూసి రోజూ నీళ్లు పోస్తే అడుగున గాలే ఉండదు. పాడైన కొమ్మ ఒకటి తీసి చూడండి: కింది బెరడు నల్లగా, జారుడుగా ఉండి వేలితో నొక్కగానే ఊడొస్తే అది కుళ్లు. కోసినచోట తెల్లగా గరుకుగా ఉబ్బి ఉంటే కాలస్, అంటే గాయం మానే పొర, కట్టిందని, దాన్ని కదపొద్దు. ఎరువులోని లవణాలు కోసిన కొసని మాడుస్తాయి, కుళ్లబెట్టే బూజుకి అదే మేత. వేళ్లొచ్చేదాకా ఎరువు వద్దు.

లావు చూసి ముదురనుకోవద్దు. నిటారుగా దూసుకొచ్చిన కొమ్మ పెన్సిలంత ఉన్నా నడుమ బెండు ఎక్కువ, తొందరగా కుళ్లుతుంది. ఆకుపచ్చ బెరడు గోధుమరంగుకి తిరుగుతూ, అడుగు గట్టిగా, కొస ఇంకా లేతగా ఉన్నది తీయండి. సగం ముదురు అనేది దాన్నే.

ఇసుకదిబ్బ:
బోగన్‌విల్లాకి పూర్తిగా ముదిరిన కొమ్మే మేలు. సగం ముదురుకి కవరు కప్పాలి, తేమ చూడాలి, కొత్తవాళ్లవల్ల కాదు.

కణుపు:
ముదురు కొమ్మా వస్తుంది, కాదనను. కాకపోతే కొంచెం ఆలస్యం.

ఏదైనా కోత ఒకటే. 15–20 సెంటీమీటర్లు, కనీసం నాలుగు కణుపులు. కింది కోత కణుపుకి సరిగ్గా దిగువన ఏటవాలుగా, పై కోత కణుపుకి ఒక సెంటీమీటరు పైన తిన్నగా. ఇలాగైతే ఏది తలో ఏది మొదలో తికమక ఉండదు. పూలు, కింది ఆకులు తీసేసి, పైన రెండాకులు సగానికి కత్తిరించండి. కడిగిన ముతక ఇసుక, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) సమానంగా కలపండి. కోకోపీట్‌ని ముందు రెండుమూడు నీళ్లలో పిండి ఉప్పు పోగొట్టాలి. మిశ్రమం పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. వేరు పుట్టించే హార్మోను ఐబీఏ, దాని పొడి 0.3 శాతం, అంటే 3,000 పీపీఎం (పది లక్షల్లో 3,000 వంతులు), సరిపోతుంది. డబ్బాలో ముంచకండి, చెమ్మ తగిలితే మొత్తం పాడవుతుంది. కొంచెం కాగితం మీద పోసి కొసకి అద్ది, ఎక్కువైంది దులిపేయండి. పుల్లతో ముందే కన్నం చేసి, రెండు కణుపులు లోపలికి దిగేలా పెట్టండి. నేరుగా గుచ్చితే పొడంతా పైనే తుడుచుకుపోతుంది.

పచ్చతీగ:
ఐతే నీడలోనే ఉంచాలిగా? మెట్ల కింద పెట్టా.

ఇసుకదిబ్బ:
అది నీడ కాదు, చీకటి.

నేలతీరు:
నీడంటే నేరుగా ఎండ పడకపోవడం, అంతే కదా.

కణుపు:
అంతే కాదండీ. కుండీకి ఒక అడుగు పైన చెయ్యి పెట్టండి. కుండీమీద మసకగానైనా చేతి ఆకారం పడాలి. ఏమీ పడకపోతే వెలుగు చాలదు, అంచులు స్పష్టంగా పడితే ఎక్కువ. కవరు కప్పితే ఎండ అసలు తగలనివ్వొద్దు, లోపల కొమ్మ ఉడికిపోతుంది. రోజుకోసారి కవరు తీసి గాలి పెట్టండి.

నేలతీరు:
వేళ్లొచ్చాక మాత్రం కనీసం ఆరు గంటల ఎండ, నీళ్లు నిలవని నేల. నేను మొదట చెప్పిందే.

పచ్చతీగ:
లాగి చూడకుండా వేరొచ్చిందని ఎలా తెలుస్తుంది మరి?

కణుపు:
పారదర్శకమైన ప్లాస్టిక్ గ్లాసుకి అడుగున చిల్లులు పెట్టి అందులో నాటండి, పక్కనుంచి కనిపిస్తాయి. 6 నుంచి 10 వారాలు పట్టొచ్చు. మార్చేటప్పుడు గ్లాసుని నిలువునా కోసి మట్టిముద్దతో సహా దింపండి. దీని వేళ్లు చాలా సన్నం, మట్టి దులిపితే తెగిపోతాయి.

తులసికోట:
మందారానికీ ఇదే పద్ధతా?

ఇసుకదిబ్బ:
ఇంచుమించు. వేరే పోస్టు పెట్టండి.

పచ్చతీగ:
చిల్లు తెరిచా, బోలెడు నీళ్లు కారాయి. థాంక్సండీ అందరికీ.